పాము కాటు రోగి పీహెచ్‌సీకి వస్తే: ఏఎస్‌వీ (పాము విషానికి విరుగుడు మందు) ఎవరికి, ఎంత, పెద్దాసుపత్రికి ఎప్పుడు పంపాలి?

ప్రశ్న
పీహెచ్‌సీ వైద్యాధికారి, ఉదయగిరి ప్రాంతం

అందరికీ నమస్కారం. నేను హౌస్ సర్జన్సీ ముగించుకొని నేరుగా ఉదయగిరి వైపు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చేరిన వైద్యుణ్ణి. ఇక్కడి నుంచి నెల్లూరు పెద్దాసుపత్రి ఆత్మకూరు మీదుగా దాదాపు వంద కిలోమీటర్లు ఉంటుంది. 108 వచ్చి, రోగిని ఎక్కించుకొని అక్కడికి చేరేసరికి రెండు గంటలు దాటుతుంది. మా పరిధిలో మెట్ట పొలాలు, పొగాకు, రాళ్ల గుట్టలు ఎక్కువ కావడం వల్ల పాము కాటు రోగులు తరచూ వస్తుంటారు. ఏఎస్‌వీ వయళ్లకు (మందు సీసాలకు) మా దగ్గర ప్రస్తుతం కొరత లేదు. నా సందేహమంతా వాటిని ఎవరికి వాడాలి, ఎవరికి వాడకూడదు అన్న దగ్గరే ఉంది.

ఉదాహరణకు ఇద్దరు రోగుల గురించి చెబుతాను. ఒక యువకుడు రాత్రివేళ పొలానికి నీళ్లు కట్టడానికి వెళ్లి, చీలమండ దగ్గర కాటు పడి వచ్చాడు. రెండు గాట్లు స్పష్టంగా కనిపిస్తున్నాయి, పాదం కొద్దిగా వాచింది, అయితే చిగుళ్ల నుంచి గానీ గాటు నుంచి గానీ రక్తం కారడం లేదు, గాజు గొట్టంలో తీసిన రక్తం ఇరవై నిమిషాలకు చక్కగా గడ్డకట్టింది. వెంట వచ్చినవాళ్లు మాత్రం "ముందు సూది వేయండి సార్, మిగతాది తరువాత చూద్దాం" అని పట్టుబట్టారు. రెండో మనిషి పొగాకు బ్యారన్ (ఆకును వేడితో ఆరబెట్టే కొట్టం) దగ్గర నేల మీద పడుకున్న కూలీ. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతులతో వచ్చాడు, ఒంటి మీద వెతికినా గాటు దొరకలేదు, తనను ఏదో కరిచిందని అతనికే తెలియదు. గ్యాస్ నొప్పిలా కనిపించినా పడుకోబెట్టి గమనిస్తుండగా గంటలోపే కనురెప్పలు బరువుగా వాలడం మొదలైంది. ఇద్దరూ నెల్లూరు చేరి కోలుకున్నారు.

పెద్దలు వివరంగా చెప్పవలసిందిగా కోరుతున్నాను. గాట్లు ఉండి లక్షణాలు లేనివారికి ఏఎస్‌వీ ఇవ్వాలా? గాట్లు లేకుండా లక్షణాలు మాత్రమే ఉన్నవారికి ధైర్యంగా ఇవ్వవచ్చా? టెస్ట్ డోసు (మందు పడుతుందో లేదో చూడటానికి ముందుగా ఇచ్చే చిన్న మోతాదు) అవసరమా? మొదటి డోసు మా కేంద్రంలోనే ఇచ్చి పంపాలా, లేక ఆ మందుకు రియాక్షన్ (అలర్జీ) వస్తే తట్టుకోలేమన్న భయంతో వెంటనే పంపేయడమే క్షేమమా? ఈ చివరి ప్రశ్నకు మా చుట్టుపక్కల వైద్యుల్లో ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారు.

సమాధానం 1
జనరల్ మెడిసిన్ వైద్యుడు, నెల్లూరు

డాక్టరు గారూ, మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను, ఎందుకంటే ప్రాణాలు పోయేది అక్కడే. విషం ఎక్కిన లక్షణాలు ఉన్న రోగికి మొదటి పది వయళ్లు మీ పీహెచ్‌సీలోనే పడాలి. రక్తంలో తిరుగుతున్న విషాన్ని మాత్రమే ఏఎస్‌వీ పట్టుకోగలదు. నరాల కొసలకు అంటుకున్న విషాన్ని, అప్పటికే దెబ్బతిన్న మూత్రపిండాన్ని అది వెనక్కు తీసుకురాలేదు. మీ దగ్గర మందు ఉండి, రోగికి లక్షణాలు ఉండి, ఖాళీ సెలైన్‌తో వంద కిలోమీటర్లు పంపితే ఆ రెండు గంటలూ విషానికి ఇచ్చినట్టే. అలా కనురెప్పలు వాలిన స్థితిలో బయలుదేరి, దారిలో ఊపిరి ఆగిన దశలో మా క్యాజువాలిటీ గుమ్మం దగ్గరికి వచ్చేవారిని చూస్తూనే ఉన్నాం. రియాక్షన్ అంటే భయం సహజమే గాని, దానికి విరుగుడైన అడ్రినలిన్ మీ ఎమర్జెన్సీ ట్రేలోనే ఉంది.

ఇక ఎవరికి ఇవ్వాలి అన్న విషయం. పామును చూశామా, గాట్లు ఎన్ని, వాటి మధ్య దూరం ఎంత అన్నవి చికిత్సను నిర్ణయించవు. లక్షణాలే నిర్ణయిస్తాయి. విషం లేని పాములు కరుస్తాయి, విషం ఉన్న పాము కూడా ఒక్కోసారి విషం వదలకుండానే కరుస్తుంది. అందువల్ల మీ యువకుడికి ఆ క్షణంలో ఏఎస్‌వీ అవసరం లేదు. కానీ ఇంటికి పంపడానికి కూడా వీల్లేదు, ఇరవై నాలుగు గంటలు మంచం మీద ఉంచి గమనించాలి. మీ బ్యారన్ కూలీకి మాత్రం గాటు లేకపోయినా, కనురెప్పలు వాలడం మొదలైన క్షణంలోనే ఏఎస్‌వీ ఇవ్వాలి.

ఏఎస్‌వీ ఇవ్వవలసిన సందర్భాలు ప్రధానంగా మూడు. నరాల మీద ప్రభావం మొదటిది: రెప్పలు వాలడం, ఒకటి రెండుగా కనిపించడం, మింగలేకపోవడం, మాట ముద్దగా రావడం, మెడ నిలవకపోవడం. రక్తం మీద ప్రభావం రెండోది: చిగుళ్లు, గాటు, మూత్రం, వాంతి, వీటిలో ఎక్కడ రక్తం కనిపించినా, లేదా ఇరవై నిమిషాల పరీక్షలో రక్తం గడ్డకట్టకపోయినా. వేగంగా పాకే వాపు మూడోది: కట్టు ఏమీ లేకుండానే కరిచిన చేతిలో గానీ కాలిలో గానీ సగం పైకి వాపు ఎక్కినా, పాదం మీద కాటుకు కొద్ది గంటల్లోనే చీలమండ దాటి పైకి పాకుతున్నా. వీటికి తోడు బీపీ పడిపోవడం, మూత్రం తగ్గడం ఉంటే ఆలోచించవలసిన పని లేదు. గాటు చుట్టూ కొద్దిపాటి వాపు, నొప్పి మాత్రమే ఉంటే వాపు అంచున పెన్నుతో గీత గీసి, పక్కనే టైము రాయండి. గంట తరువాత మళ్లీ గీయండి. ఆ రెండు గీతల మధ్య దూరం మీ అనుమానాన్ని చాలావరకు తీరుస్తుంది.

ఇరవై నిమిషాల పరీక్ష గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే దీన్ని సరిగ్గా చేయకపోతే నిర్ణయమంతా తలకిందులవుతుంది. గొట్టం గాజుదే కావాలి, ప్లాస్టిక్ పనికిరాదు. రక్తం గడ్డకట్టే ప్రక్రియను మొదలుపెట్టేది గాజు ఉపరితలమే. గొట్టం కొత్తది, శుభ్రమైనది, పూర్తిగా పొడిగా ఉన్నది కావాలి. సబ్బుపొడితో కడిగిన గొట్టంలో ఆరోగ్యవంతుడి రక్తం కూడా గడ్డకట్టకపోవచ్చు. సిర నుంచి అప్పుడే తీసిన రెండు మి.లీ. రక్తం వేసి, స్టాండులో నిలబెట్టి, టైము రాసి, ఇరవై నిమిషాల పాటు ఎవరూ ముట్టకుండా చూడాలి. మధ్యలో అయిందా లేదా అని ఊపి చూడకూడదు. ఇరవై నిమిషాలకు ఒక్కసారి వంచాలి, రక్తం నీళ్లలా జారితే విషం పని చేస్తున్నట్టు. గొట్టం మీద అనుమానం ఉంటే వెంట వచ్చినవారిలో ఒకరి రక్తం పక్క గొట్టంలో పెట్టండి, అది గడ్డకట్టి రోగిది గడ్డకట్టకపోతే ఇక సందేహం ఉండదు. మొదటిసారి గడ్డకట్టింది కదా అని నిశ్చింతగా ఉండకూడదు. మొదటి మూడు గంటలు గంటకొకసారి, తరువాత ఆరు గంటలకొకసారి చొప్పున ఒక రోజంతా చేయాలి.

డోసు విషయానికి వస్తే, టెస్ట్ డోసు వద్దు. అది రాబోయే రియాక్షన్‌ను ముందుగా చెప్పలేదు, కాలాన్ని మాత్రం వృథా చేస్తుంది, పైగా ఆ చుక్కతోనే శరీరం అలర్జీకి సిద్ధమయ్యే అవకాశం ఉంది. పొడి రూపంలో ఉన్న ఒక్కో వయల్‌ను దాని వెంట వచ్చిన పది మి.లీ. స్టెరైల్ వాటర్‌తో కలపాలి. నురగ రాకుండా అరచేతుల మధ్య నెమ్మదిగా తిప్పాలే గాని సీసాను కుదపకూడదు. పది వయళ్లనూ నార్మల్ సెలైన్‌లో కలిపి, కిలో బరువుకు 5 నుంచి 10 మి.లీ. లెక్కన, అరగంట నుంచి గంటలో ఎక్కించాలి. మొదటి పది పదిహేను నిమిషాలు చుక్కలు నెమ్మదిగా పడేలా పెట్టి, మీరు స్వయంగా రోగి పక్కనే ఉండాలి. గాటు చుట్టూ సూదితో ఏఎస్‌వీ ఎక్కించడం, కండకు ఇవ్వడం పూర్తిగా మానేయాలి.

సమాధానం 2
పిల్లల వైద్యురాలు, కావలి

పైన చెప్పినదానికి ఒక్క మాట చేరుస్తాను. పిల్లలకు డోసు తగ్గించవద్దు. పాము పిల్లవాణ్ణి కరిచినా పెద్దవాణ్ణి కరిచినా వదిలే విషం అంతే, కాబట్టి ఆరేళ్ల బిడ్డకు కూడా పది వయళ్లే. తగ్గించవలసింది సెలైన్ పరిమాణాన్ని మాత్రమే. బిడ్డ బరువును బట్టి కిలోకు 5 నుంచి 10 మి.లీ. చొప్పున లెక్కగట్టాలి, లేకపోతే ఊపిరితిత్తుల్లో నీరు చేరే ప్రమాదం ఉంది. రియాక్షన్ వస్తే అడ్రినలిన్ కిలోకు 0.01 మి.గ్రా. తొడ కండకు ఇవ్వాలి. గర్భిణులకూ ఇదే మాట: గర్భం ఉన్నదని ఏఎస్‌వీ ఆపకూడదు, డోసూ మారదు. తల్లి బతికితేనే బిడ్డ.

సమాధానం 3
మత్తు వైద్య నిపుణుడు, ఒంగోలు

బ్యారన్ కూలీ విషయంలో ప్రశ్న అడిగిన డాక్టరు గారు పడుకోబెట్టి గమనించడం వల్లే ఆ మనిషి దక్కాడు. ఈ ఒక్క రోగి గురించే ఎక్కువగా రాయాలని ఉంది, ఎందుకంటే కట్లపాము కాటు మన దగ్గర ఎక్కువగా తప్పిపోయే జబ్బు. అది రాత్రిపూట ఇళ్లలోకి, పాకల్లోకి వస్తుంది, నేల మీద పడుకున్నవారిని కరుస్తుంది. కోరలు చిన్నవి కావడం వల్ల నొప్పి ఉండదు, వాపు రాదు, గాటు చాలాసార్లు కనిపించదు. రోగి మేల్కొనేది కడుపునొప్పితో. గొంతు నొప్పి, కీళ్ల నొప్పులు, వాంతులు కూడా చెప్పవచ్చు. అందువల్ల నేల మీద పడుకుని, తెల్లవారుజామున కారణం తెలియని కడుపునొప్పితో వచ్చిన ప్రతి మనిషినీ, పాము మాట ఎవరూ ఎత్తకపోయినా, కట్లపాము కాటు కాదని తేలేదాకా అలాగే చూడాలి. ఫిట్స్ అని, పక్షవాతం అని, కల్లు తాగాడని పొరబడే అవకాశం కూడా ఎక్కువ.

రెప్పలు వాలుతున్నాయో లేదో అన్న అనుమానం వచ్చినప్పుడు రోగిని పడుకోబెట్టి చూస్తే సరిపోదు. మీ వేలిని అతని కళ్లకు పైన పట్టుకొని, తల కదల్చకుండా దాని వైపే చూడమనండి. నిద్రలేమి వల్ల బరువైన రెప్ప కాసేపు నిలబడుతుంది, విషం వల్ల బలహీనపడిన రెప్ప నిమిషంలోపే జారుతుంది. నాలుక పళ్లు దాటి బయటికి చాపమనండి, దిండు మీది నుంచి తల ఎత్తి పట్టుకోమనండి, ఒక్క ఊపిరిలో ఒకటి నుంచి ఎంత వరకు లెక్కపెట్టగలడో చూడండి. మొదటిసారి ఇరవై ఐదు దాకా వచ్చినవాడు అరగంటకు పదిహేను దగ్గర ఆగితే ఊపిరి కండరాలు అలసిపోతున్నట్టు. పల్స్ ఆక్సీమీటరు తొంభై ఎనిమిది చూపిస్తోందని నమ్ముకోకూడదు. ఆక్సిజన్ అంకె పడిపోయేది అన్నిటికంటే చివర, అప్పటికి సమయం మించిపోతుంది.

ఏఎస్‌వీతో పాటు, నరం నుంచి కండరానికి సంకేతం అందేలా చేసే నియోస్టిగ్మిన్ కూడా ఇవ్వండి. ముందు దాని దుష్ప్రభావాలను అడ్డుకునే అట్రోపిన్ 0.6 మి.గ్రా. సిరకు, ఆ వెంటనే నియోస్టిగ్మిన్ 1.5 మి.గ్రా. సిరకు నెమ్మదిగా. పిల్లలకు అట్రోపిన్ కిలోకు 0.05 మి.గ్రా., నియోస్టిగ్మిన్ కిలోకు 0.04 మి.గ్రా. త్రాచుపాము విషం కండరం వైపు నుంచి అడ్డుపడుతుంది కాబట్టి ఈ మందుతో రెప్పలు కళ్ల ముందే లేస్తాయి. అలా మెరుగైతే అరగంటకొకసారి నియోస్టిగ్మిన్ 0.5 మి.గ్రా. అట్రోపిన్‌తో కలిపి కొనసాగించవచ్చు. కట్లపాము విషం నరం కొసనే దెబ్బతీస్తుంది, అందుకే చాలాసార్లు ఈ మందుకు స్పందన ఉండదు. మూడు డోసుల తరువాత కూడా మార్పు లేకపోతే ఆపేయండి.

నరాల లక్షణాలకు ఏఎస్‌వీ మొదటి పది వయళ్లు ఇచ్చాక గంటకు మెరుగు లేకపోతే, లేదా దిగజారుతుంటే, మరో పది ఇవ్వాలి. అక్కడితో ఆపాలి. ఇరవై దాటిన తరువాత రోగికి కావలసింది వయళ్లు కాదు, ఊపిరి అందించడం. కట్లపాము కాటు రోగి వెంటిలేటరు మీద రోజుల తరబడి ఉండి, ఆ తరువాత తనంతట తాను లేచి నడిచి ఇంటికి వెళతాడు. పూర్తిగా చచ్చుబడిన దశలో కళ్లు తెరవలేడు, చేయి కదల్చలేడు, కంటిపాపలు పెద్దవై వెలుగుకు స్పందించకపోవచ్చు, కానీ చెవులు వింటుంటాయి, తెలివి ఉంటుంది. ఆ స్థితిని మెదడు చనిపోయినట్టు భావించి వెంటిలేటరు తీసేసే నిర్ణయానికి ఎవరూ రాకూడదు. ఆ మంచం పక్కన నిలబడి మాట్లాడే మాటలు కూడా జాగ్రత్తగా మాట్లాడాలి.

ఇక దారి గురించి. నరాల లక్షణాలున్న రోగిని వెల్లకిలా పడుకోబెట్టి పంపవద్దు. మింగలేని మనిషి నోట్లో చేరిన లాలాజలమే ఊపిరితిత్తుల్లోకి వెళ్లి ప్రాణం తీస్తుంది. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, సక్షన్ (నోట్లోని ఊటను లాగేసే యంత్రం) పనిచేస్తోందో లేదో బండి కదలకముందే చూసుకోవాలి. అంబు బ్యాగు (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి), సరిపోయే మాస్కు, ఆక్సిజన్ సిలిండరు బండిలో ఉండాలి, దాన్ని వాడగలిగిన మనిషి ఒకరు వెంట వెళ్లాలి. గొంతులోకి ఊపిరి ట్యూబు వేయడం రాకపోయినా పర్వాలేదు. మాస్కు బిగించి, నిమిషానికి పది పన్నెండుసార్లు అంబు బ్యాగు నొక్కుతూ ఆత్మకూరు దాకా వచ్చినా అక్కడ సాయం అందుతుంది. బయలుదేరే ముందే చేరబోయే ఆసుపత్రికి ఫోను చేసి వెంటిలేటరు ఖాళీగా ఉందో లేదో కనుక్కోండి. లేని చోటికి పంపి అక్కడి నుంచి మళ్లీ ఇంకో చోటికి తిప్పడం కంటే ప్రమాదం మరొకటి లేదు.

అనుబంధ ప్రశ్న
పీహెచ్‌సీ వైద్యాధికారి, ఉదయగిరి ప్రాంతం

అందరికీ కృతజ్ఞతలు. మా కేంద్రంలో గాజు గొట్టాలు కడిగి మళ్లీ వాడుతున్నారని ఇప్పుడే గమనించాను, ఈరోజే కొత్తవి తెప్పిస్తాను. మరో రెండు విషయాలు అడగాలి. చాలామంది కాలికి తువ్వాలుతోనో, నులక తాడుతోనో గట్టిగా కట్టుకొని వస్తారు, ఆ కట్టును ఎప్పుడు విప్పాలి? రియాక్షన్ వచ్చినప్పుడు చేయవలసినది వరుసగా చెప్పగలరా?

సమాధానం 4
గ్రామీణ వైద్యుడు, కనిగిరి వైపు

డాక్టరు గారూ, కట్టు గురించి నేను చెబుతాను, రియాక్షన్ గురించి నెల్లూరు సార్ చెబుతారు. కట్టు చూడగానే విప్పేయకూడదు. ముందు కట్టు కింది భాగంలో నాడి తగులుతోందో లేదో చూడండి. తగులుతుంటే కట్టు పైపైనే ఉన్నట్టు, సెలైన్ లైను పెట్టుకొని విప్పవచ్చు. నాడి తగలకుండా, కాలు నల్లబడేలా బిగించి ఉంటే, ఒక్కసారి విప్పినప్పుడు అక్కడ నిలిచిన విషమంతా ఒకేసారి పైకి వచ్చి రోగి కుప్పకూలవచ్చు. సెలైన్ లైను, ఏఎస్‌వీ, అడ్రినలిన్, అంబు బ్యాగు సిద్ధంగా పెట్టుకొని, కట్టుకు పైన బీపీ కఫ్ బిగించి గాలి నింపి, ఆ తరువాత తాడు కోసి, కఫ్‌లోని గాలిని కొంచెం కొంచెంగా వదలాలి. రెండు కట్లు మూడు కట్లు వేసుకొని వచ్చేవారు కూడా ఉంటారు, ప్యాంటు మడతల కింద ఒకటి మిగిలిపోకుండా కాలంతా విప్పి చూడండి.

గాటు మీద బ్లేడుతో కోతలు పెట్టి, పసరు రుద్ది, మంత్రం వేయించి, రెండు మూడు గంటల తరువాత తెచ్చేవారు మా వైపు ఇంకా ఉన్నారు. వాళ్లను కసిరితే వచ్చేసారి మన గడప తొక్కరు. మంత్రం వేసే పెద్దమనిషితోనే స్నేహంగా మాట్లాడి, "నువ్వు మంత్రం వేయి, కానీ బండెక్కించిన తరువాతే వేయి" అని ఒప్పించిన ఊళ్లలో రోగులు త్వరగా వస్తున్నారు. ప్రథమ చికిత్సగా ఊరివాళ్లకు చెప్పవలసినది ఇంతే: మనిషిని నడిపించవద్దు, కరిచిన కాలినో చేతినో విరిగిన ఎముకకు కట్టినట్టు కర్ర పెట్టి కదలకుండా ఉంచాలి, కట్టు బిగించవద్దు, కోయవద్దు, ఉంగరాలూ మెట్టెలూ కడియాలూ వాపు రాకముందే తీసేయాలి, 108 ఆలస్యమయ్యేలా ఉంటే మోటారు సైకిలు మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి తీసుకురావాలి. పామును చంపి సంచిలో వేసుకొని రావద్దని కూడా చెప్పండి. తల తెగిన పాము కూడా కాసేపటి వరకు కాటు వేయగలదు. పాము దూరాన ఉంటే సెల్‌ఫోనులో ఫోటో తీయగలిగితే చాలు, లేకపోయినా చికిత్స ఆగదు. నెల్లూరు, ప్రకాశం పొలాల్లో గట్లు తవ్వి ఎలుకలు పట్టే యానాది కుటుంబాలకు పాముల ఆనవాళ్లు మనకంటే బాగా తెలుసు, వాళ్లు రక్తపింజర అని చెబితే ఆ మాటను తేలిగ్గా తీసుకోకండి. కాకపోతే కాటు ఎక్కువగా పడేది కూడా వాళ్లకే.

ఏదో కుట్టిందని వచ్చిన ప్రతి ఒక్కరిదీ పాము కాటే కానక్కరలేదని కూడా గుర్తుంచుకోవాలి. మెట్ట ప్రాంతంలో ఎర్రతేలు కుట్టినవాళ్లు చెమటలతో, చేతులు కాళ్లు చల్లబడి, వాంతులతో వస్తారు, రెప్పలు మాత్రం వాలవు. వారికి ఏఎస్‌వీ పనిచేయదు, ప్రాజోసిన్ మాత్ర కిలోకు 30 మైక్రోగ్రాముల చొప్పున ఇవ్వాలి. మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ గ్రామీణ ఆసుపత్రిలో కూర్చొని ఈ వైద్యాన్ని నిలబెట్టారు. పల్లెలో ఉన్న మనవంటి వైద్యులు ఏం చేయగలరో ఆయన్ను చూస్తే తెలుస్తుంది.

కనిగిరి, పామూరు వైపు ఊళ్లలో కాటుకు ముందే మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్లు చాలామంది ఉన్నారు. అటువంటి రోగికి రక్తపింజర కాటు పడితే తొలి గంటలోనే క్రియాటినిన్‌ (మూత్రపిండాల పనితీరు తెలిపే పరీక్ష)కు రక్తం పంపండి, మూత్రం ఎంత వస్తోందో, ఏ రంగులో ఉందో రాయండి. నొప్పికి డైక్లోఫెనాక్ సూది వేయవద్దు, అది మూత్రపిండానికీ చేటు, రక్తస్రావానికీ చేటు. పారాసిటమాల్, చాలకపోతే ట్రమడాల్.

సమాధానం 5
జనరల్ మెడిసిన్ వైద్యుడు, నెల్లూరు

రియాక్షన్ సంగతి. ఏఎస్‌వీ మొదలుపెట్టకముందే ఒక మి.లీ. అడ్రినలిన్‌ను సిరంజిలోకి తీసి, పేరు రాసి, రోగి తల దగ్గర పెట్టుకోండి. దురద, ఒంటి మీద దద్దుర్లు, చలి వణుకు, వాంతులు, ఆయాసం, బీపీ పడిపోవడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ముందు ఏఎస్‌వీ ఆపండి. పెద్దవారికి 1:1000 అడ్రినలిన్ అర మి.లీ., అంటే 0.5 మి.గ్రా., తొడ వెలుపలి భాగంలో కండకు ఇవ్వండి. ఐదు పది నిమిషాల్లో మెరుగు లేకపోతే మళ్లీ ఇవ్వండి. అవిల్, హైడ్రోకార్టిజోన్ వంటి అలర్జీ మందులు ఆ తరువాతే, అవి అడ్రినలిన్‌కు బదులు కావు. కాళ్లు ఎత్తి పెట్టి, సెలైన్ వేగంగా ఎక్కించి, ఆక్సిజన్ పెట్టండి. ఇక్కడ చాలామంది ఆగిపోతారు గాని, అసలు పని ఆ తరువాత ఉంది. రోగి కుదుటపడగానే మిగిలిన ఏఎస్‌వీని మళ్లీ మొదలుపెట్టాలి, పది పదిహేను నిమిషాలు చాలా నెమ్మదిగా, తరువాత మామూలు వేగంతో. రియాక్షన్ వచ్చిందని మందు ఆపేస్తే లోపలి విషానికి అడ్డే ఉండదు. శ్రీలంకలో జరిగి 2011లో వెలువడిన పెద్ద పరిశోధనలో, ఏఎస్‌వీకి ముందు చర్మం కిందికి 0.25 మి.లీ. అడ్రినలిన్ ఇవ్వడం వల్ల తీవ్రమైన రియాక్షన్లు తగ్గాయని, హైడ్రోకార్టిజోన్, ప్రోమెథజిన్ వల్ల తగ్గలేదని తేలింది. ఉబ్బసం, పూర్వపు అలర్జీలు ఉన్నవారి విషయంలో ఇది గుర్తుంచుకోదగినది. గుండెజబ్బు, అధిక రక్తపోటు ఉన్న వృద్ధులకు ముందస్తుగా ఇచ్చేటప్పుడు ఆచితూచి వ్యవహరించాలి.

రక్తం మీద ప్రభావం ఉన్న కాటుకు రెండో విడత ఎప్పుడు అన్నది మీరు అడగకపోయినా చెప్పాలి, ఎందుకంటే రోగిని మీరే రాత్రంతా ఉంచవలసిన పరిస్థితి వరదల కాలంలో వస్తుంది. మొదటి పది వయళ్లు అయిన ఆరు గంటలకు మళ్లీ పరీక్ష చేయాలి. గంటకే రక్తం గడ్డకట్టలేదని కంగారుపడి మరో పది ఎక్కించడం వయళ్ల వృథా మాత్రమే. విషం విరిగినా, గడ్డకట్టడానికి కావలసిన పదార్థాలను కాలేయం తిరిగి తయారు చేయడానికి ఆరు గంటల దాకా పడుతుంది. ఆరు గంటలకు కూడా గడ్డకట్టకపోతే రెండో విడత ఇవ్వాలి, మొత్తం మీద ముప్ఫై వయళ్లు దాటనక్కరలేదు. ప్లాస్మా ఎక్కించవలసి వచ్చినా ఏఎస్‌వీ పడిన తరువాతే ఎక్కించాలి. రక్తం గడ్డకట్టేదాకా కండకు ఏ సూదీ వద్దు, టీటీ కూడా అప్పటిదాకా ఆగవచ్చు. ప్రాణాలకు ముప్పు తెచ్చే రియాక్షన్‌లో అడ్రినలిన్ ఒక్కటే దీనికి మినహాయింపు. వాచిన కాలిని చూసి ఫేసియాటమీ (కండరాల పైపొరను కోసి ఒత్తిడి తగ్గించే ఆపరేషన్) చేయించడానికి తొందరపడే సర్జన్లతో కూడా ఈ మాటే చెప్పాలి: రక్తం గడ్డకట్టే స్థితికి రాకుండా, కండరాల లోపలి ఒత్తిడిని కొలవకుండా కోత పెట్టకూడదు. వాపు ఎంత భయంకరంగా ఉన్నా ఎక్కువమందిలో కోత లేకుండానే తగ్గుతుంది. మన దక్షిణాది రక్తపింజర కాటులో రక్తస్రావంతో పాటు రెప్పలు కూడా వాలవచ్చు, అందువల్ల రెండూ కలిసి కనిపిస్తే రెండు పాములు కరిచాయేమోనని తికమకపడవద్దు.

పంపేటప్పుడు రాసే చీటీలో కాటు పడిన టైము, మీ దగ్గరికి వచ్చిన టైము, పరీక్షల ఫలితాలు టైములతో, ఎన్ని వయళ్లు ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిశాయో, రియాక్షన్ వచ్చిందో లేదో, అడ్రినలిన్, నియోస్టిగ్మిన్ ఎంత ఇచ్చారో స్పష్టంగా రాయండి. "ఏఎస్‌వీ ఇవ్వబడింది" అని మాత్రమే రాసిన చీటీతో వచ్చిన రోగికి మేము మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టవలసి వస్తుంది. పాము కాటు కేసులను తప్పనిసరిగా నమోదు చేసేలా చూడాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2024 నవంబరులో రాష్ట్రాలను కోరింది. 2030 నాటికి మరణాలను సగానికి తగ్గించాలన్న జాతీయ కార్యాచరణ ప్రణాళిక కూడా అదే ఏడాది మార్చిలో వచ్చింది. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాము కాటుతో దాదాపు పన్నెండు లక్షల మంది చనిపోయారని అంచనా, మరణాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మనదీ ఒకటి. కాబట్టి రిజిస్టరులో మీ కేంద్రం నుంచి వెళ్లే ప్రతి వరుసా ముఖ్యమే.

డిశ్చార్జి అయినవారికి, ఒకటి రెండు వారాల్లో జ్వరం, కీళ్ల నొప్పులు, దద్దుర్లు వస్తే మీ దగ్గరికే రమ్మని చెప్పండి. అది ఏఎస్‌వీకి ఆలస్యంగా వచ్చే ప్రతిచర్య, కొద్ది రోజుల ప్రెడ్నిసొలోన్‌తో తగ్గుతుంది. రక్తపింజర కాటు నుంచి బయటపడినవారిని పదిహేను రోజులకు, నెలకు పిలిచి క్రియాటినిన్ చూడండి.

అనుబంధం
పీహెచ్‌సీ వైద్యాధికారి, ఉదయగిరి ప్రాంతం

అందరికీ మరోసారి ధన్యవాదాలు. మీరు చెప్పినవాటిలో డోసులు, పరీక్ష పద్ధతి, పంపేముందు చూసుకోవలసినవి ఒక కాగితం మీద తెలుగులో రాసి ఇంజెక్షన్ గదిలో అతికించాను, స్టాఫ్ నర్సులకు అంబు బ్యాగు వాడకం ఈ వారంలోనే నేర్పిస్తాను. గాజు గొట్టాలు కావలి నుంచి వచ్చాయి, వాటిని కడగవద్దని, వాడిన వెంటనే పారేయాలని ల్యాబ్ టెక్నీషియన్‌కు చెప్పాను. ఒంగోలు సార్‌ను ఒక్కటి అడగాలి: మా దగ్గర అట్రోపిన్ అయిపోయి గ్లైకోపైరోలేట్ మాత్రమే మిగిలిన రోజున నియోస్టిగ్మిన్ ముందు దాన్ని వాడవచ్చా?

సమాధానం 6
మత్తు వైద్య నిపుణుడు, ఒంగోలు

వాడవచ్చు. ఆపరేషన్ గదిలో మేము రోజూ చేసేది అదే. పెద్దవారికి నియోస్టిగ్మిన్ ఒక్కో మి.గ్రా.కు 0.2 మి.గ్రా. చొప్పున, దానికి కొంచెం ముందుగా గానీ, దానితో కలిపి గానీ సిరకు ఇవ్వండి. నాడి వేగం నిమిషానికి అరవైకి తగ్గుతున్నా, నోట్లో ఊట ఎక్కువవుతున్నా మరో 0.2 మి.గ్రా. ఇవ్వండి. అయినా అట్రోపిన్ కోసం ఇండెంటు (సరఫరా కోరే చీటీ) మాత్రం రేపే పెట్టండి, పురుగుమందు తాగి వచ్చే రోగికి అది లేకుండా గడవదు.